టెక్ సందేహాలు: యాప్‌కి వినపడని టకటక

ఈ శీర్షికకు మామూలుగా ఫోన్ వేడెక్కుతోందనీ, ల్యాప్‌టాప్ నెమ్మదించిందనీ ఉత్తరాలు వస్తాయి. ఈ వారం కార్ల వంతు. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చుంటే, దానికి చుట్టాల్లాంటివి పెట్టెలో ఇంకో నాలుగు కనిపించాయి. ఫోన్లవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. కైలాసగిరి ఘాట్ రోడ్డు మలుపుల్లోనూ, సెల్లార్‌లో పార్కింగ్‌కి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడూ ముందు చక్రం దగ్గర టక్ టక్‌మంటోంది. కారు కంప్యూటర్‌లోని లోపాల్ని చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొని ఫోన్‌లో స్కాన్ చేస్తే ‘లోపాలేమీ లేవు’ అని వచ్చింది. మెకానిక్ యాక్సిల్ మొత్తం మార్చాలంటున్నాడు. ఎవరిని నమ్మాలి? – ఎంవీపీ కాలనీ

ముందు మీ చెవిని నమ్మండి. డాంగిల్ అబద్ధమేమీ చెప్పలేదు, దానికి తెలిసింది అంతే. ఇంజిన్ కంప్యూటర్‌కి ఏ సెన్సార్ల నుంచి వైర్లు వస్తున్నాయో వాటి సంగతే అది చదవగలదు. మీ టకటక వస్తున్నది బహుశా యాక్సిల్ చివరి కీలు, సీవీ జాయింట్ నుంచి. దానికి ఏ వైరూ రాదు. ఉక్కు, గ్రీజు, రబ్బరు, అంతే. అందుకే యాప్‌లో పచ్చ టిక్కు, చక్రం దగ్గర టకటక రెండూ ఒకేసారి ఉండగలవు.

ముందు చక్రాలు లాగే కారులో ఆ చక్రాలకు రెండు పనులు. కారుని లాగాలి, మళ్లీ అటూ ఇటూ తిరగాలి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే యాక్సిల్ నిటారు కడ్డీ అయితే ఇది కుదరదు. అందుకే ఒక్కో యాక్సిల్‌కి రెండు చివరలా రెండు కీళ్లు పెడతారు. చక్రం వైపుది బయటి జాయింట్, గేర్‌బాక్స్ వైపుది లోపలి జాయింట్. కీలు ఎంత వంగినా రెండో వైపు అదే వేగంతో తిరగాలి కాబట్టి దానికి ‘స్థిర వేగం’ (కాన్‌స్టంట్ వెలాసిటీ) అని పేరు, సీవీ అంటే అదే. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వచ్చే టకటకకి మొదట అనుమానించాల్సింది బయటి జాయింట్‌ని.

నా పాత కారుకి కూడా ఇదే జబ్బు చేస్తే గాజువాక ఆటోనగర్‌లో విప్పించాను. మెకానిక్ జాయింట్‌ని డీజిల్‌లో కడిగి పాత పేపరు మీద పెట్టాడు. బయట కొబ్బరి చిప్పలాంటి ఉక్కు గిన్నె, లోపల ఆరు గాడుల గుండ్రటి ముక్క, రెంటి మధ్యా ఆరు కిటికీలున్న పంజరం. పంజరాన్ని ఒక పక్కకి వంచి, కిటికీకొకటి చొప్పున ఆరు గోలీలు బయటికి తీశాడు. ఐదు గాడులు అద్దంలా ఉన్నాయి. ఆరో దాంట్లో నల్లటి మచ్చ. ‘గోరు పెట్టి చూడండి సార్’ అన్నాడు. గోరు తట్టుకుని ఆగింది. టకటకంతా ఆ గుంటదే. తిరిగిన ప్రతిసారీ గోలీ అందులో పడి లేస్తోంది. తర్వాత పాత గ్రీజు కాస్త నా వేళ్ల మధ్య రాశాడు. పళ్లపొడిలా గరగరలాడింది. భీమిలి రోడ్డు మీద వారాంతపు షికార్ల ఇసుక అంతా అక్కడ దాచుకున్నాను.

ఇసుక లోపలికి ఎలా వెళ్లింది? జాయింట్ మీద హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా రబ్బరు బూటు ఉంటుంది. గ్రీజుని లోపల, దుమ్ముని బయట ఉంచడం దాని పని. ఏళ్లు గడిచి రబ్బరు ఎండితే మడత లోపలి అంచున చీలుతుంది. తిరిగే వేగానికి గ్రీజు చిమ్మేస్తుంది, ఆ ఖాళీలోకి నీళ్లూ ఇసుకా చేరతాయి. మన ఊరి ఉప్పుగాలి మిగతాది చూసుకుంటుంది. జాయింట్‌గా అది మొండి ఘటమే, చంపేది చిరిగిన బూటు.

కాబట్టి ఇలా చేయండి. స్టీరింగ్ ఒక వైపుకి పూర్తిగా తిప్పి ఆపి, ఫోన్ టార్చితో చక్రం వెనక చూడండి. రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉందా? మడతల మధ్య చీలిక ఉందా? చెయ్యి పెట్టలేని చోట ఫోన్ దూర్చి వీడియో తీయండి. తర్వాత ఖాళీ మైదానంలో, స్టీరింగ్ చివరిదాకా తిప్పి నడక వేగంతో గుండ్రంగా ఒక వైపు, మళ్లీ రెండో వైపు నడపండి. శబ్దం ఏ చక్రానిదో లోపలి మనిషి కంటే బయట నిలబడ్డవాళ్లకే బాగా తెలుస్తుంది.

బూటు చిరిగినా శబ్దం ఇంకా లేకపోతే మీరు అదృష్టవంతులు. జాయింట్ కడిగించి, కొత్త గ్రీజుతో కొత్త బూటు వేయిస్తే సరిపోతుంది. శబ్దం మొదలయ్యాక మాత్రం గ్రీజు మందు కాదు, పడ్డ గుంట పూడదు. అప్పుడు మెకానిక్‌ని ఒక్కటే అడగండి: ‘నా మోడల్‌కి బయటి జాయింట్ విడిగా దొరుకుతుందా?’ చాలా కార్లకు దొరుకుతుంది. లోపలి జాయింట్ బాగుంటే యాక్సిల్ మొత్తం మార్చక్కర్లేదు. కొన్నింటికి సెట్టుగానే వస్తుంది, అప్పుడు మీ మెకానిక్ మాట కరెక్టే. యాక్సిల్ బయటికి లాగితే గేర్ ఆయిల్ కొంత కారుతుంది. తిరిగి నింపారా, ఆయిల్ సీలు చూశారా అని కూడా అడగండి.

ఈలోగా అరకు ట్రిప్పు వద్దు. జాయింట్ పూర్తిగా విరిగితే కారు అక్కడే నిలబడిపోతుంది. రెండు చక్రాలకీ తిరుగుడు పంచే మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో తిరుగుడంతా విరిగిన వైపుకే పోతుంది, బాగున్న చక్రం కదలదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఘాట్‌లో గేరులో వేసి ఆపినా, ఆటోమేటిక్‌ని ‘పీ’లో పెట్టినా చక్రాన్ని పట్టి ఉంచేది ఈ యాక్సిలే. అది తెగితే ఆ పట్టూ ఉండదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రానికి రాయి పెట్టుకోవాల్సిందే.

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. సెమినార్‌కి సీవీ జాయింట్ల రకాలు తీసుకున్నాను. మామూలు క్రాస్ జాయింట్ ఉండగా ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయో ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను. – గాజువాక

ఒక్క ముక్కలో అయితే, క్రాస్ జాయింట్ నడక కుంటిది కాబట్టి. ఇప్పుడు కొంచెం వివరంగా.

కూడిక గుర్తులాంటి ముక్కకి రెండు ఫోర్కులు తగిలించిన జాయింట్‌ని 17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతోనూ, కార్డన్ పేరుతోనూ పిలుస్తారు. మొదటి షాఫ్ట్ ఎంత నిలకడగా తిరిగినా, కోణం ఉన్నప్పుడు రెండోది ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. 30 డిగ్రీల వంపులో నిమిషానికి 1000 చుట్లు ఇస్తే అవతల 866కీ 1155కీ మధ్య ఊగుతుంది. 10 డిగ్రీల దగ్గర ఊపు రెండు శాతం లోపే, ఎవరికీ తెలియదు. స్టీరింగ్ తిప్పే చక్రానికి మాత్రం 30 డిగ్రీలు, ఆపైన కూడా కావాలి. అక్కడ ఈ ఊపు చేతిలో వణుకుగా తెలుస్తుంది.

సెమినార్‌కి మొక్కలకి నీళ్లు పట్టే పైపు మూరెడు ముక్క పట్టుకెళ్లండి. వంచి పట్టుకుని ఒక చివర తిప్పితే రెండో చివర అంతే తిరుగుతుంది. వంపుని సరిగ్గా సగానికి కోసిన చోట అద్దం పెడితే ఈ సగం ఆ సగానికి ప్రతిబింబం. రహస్యం అదే. శక్తిని అందించే బిందువులు ఎప్పుడూ ఆ సగం తలం మీదే ఉంటే వేగాల్లో తేడా రాదు. సీవీ జాయింట్లలో చాలావరకు ఆ బిందువుల్ని అక్కడ నిలబెట్టడానికి పడ్డ పాట్లే.

ఫోర్డ్‌లో ఇంజినీరుగా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920లలో గోలీలతో ఆ పని చేశాడు. నేను ఆటోనగర్‌లో చూసింది అతని జాయింటే. లోపలి గాడులు, బయటి గాడులు, పంజరం కలిసి ఆరు గోలీల్నీ ఎప్పుడూ సగం తలంలోకే నెడతాయి. అది 45 డిగ్రీల పైకి కూడా వంగుతుంది కనక చక్రం వైపు దానిదే రాజ్యం. అదే దశాబ్దంలో ఫ్రాన్స్‌లో ట్రాక్టా జాయింట్ వచ్చింది. అందులో గోలీలు లేవు, ముక్కలు ఒకదానిమీదొకటి జారతాయి. బెండిక్స్-వైస్ అని ఇంకోటి గోలీలదే. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ జీపుల ముందు యాక్సిళ్లలో ఈ మూడు రకాలూ కనిపిస్తాయి. ట్రాక్టా, బెండిక్స్-వైస్ రెండింటికీ కలిపి స్లైడు ఒక్కటి చాలు.

లోపలి జాయింట్ కథ వేరు. గుంటలో పడి చక్రం పైకి లేచినప్పుడల్లా గేర్‌బాక్స్‌కీ చక్రానికీ మధ్య దూరం మారుతుంది. అంటే ఎవరో ఒకరు పొడవు సర్దుకోవాలి. ట్రైపాడ్ జాయింట్‌లో మూడు కాళ్ల ముక్కకి మూడు రోలర్లుంటాయి. అవి గిన్నెలోని మూడు నిలువు గాడుల్లో ముందుకీ వెనక్కీ జారతాయి. వంపు బయటి దాంట్లో సగమే, కానీ ఇక్కడ అంతకంటే అక్కర్లేదు. ఇదే పనికి గోలీలతో చేసిన డబుల్ ఆఫ్‌సెట్, క్రాస్ గ్రూవ్ రకాలూ ఉన్నాయి. లోపలిది అరిగితే టకటకలాడదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కారు వణికి, కాలు తీయగానే ఆగుతుంది. మీ సార్ కచ్చితంగా అడిగే ప్రశ్న ఇది.

రెండు క్రాస్ జాయింట్లని వీపు వీపు ఆనించి మధ్యలో ఒక సెంటరింగ్ ముక్క పెడితే డబుల్ కార్డన్. మొదటిది చేసిన తప్పుని రెండోది సరిచేస్తుంది. కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల షాఫ్ట్‌లలో ఉంటుంది.

చరిత్ర కావాలంటే 1959 నాటి బ్రిటిష్ మినీ గురించి చెప్పండి. జెప్పా రకం జాయింట్లతో ముందు చక్రాలు లాగే చిన్నకారు జనంలోకి వెళ్లింది దాంతోనే. మనకి ఆ అనుభవం 1983 చివర్లో మారుతీ 800తో మొదలైంది. అంతకుముందు మనం చూసిన అంబాసిడర్లూ పద్మినీలూ వెనక చక్రాలతో నడిచినవే.

ప్రశ్న: నాది వెనక చక్రాలు లాగే ఎస్‌యూవీ, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి తిరుగుడు తీసుకెళ్లేది రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్. క్రాస్‌లు కొత్తవి వేయించాక 60 దాటితే సీటు కింద వణుకు. ముందు ఇది లేదు. – పెందుర్తి

వణుకు ముందు లేకుండా పని చేయించాక వచ్చిందంటే తిరిగి బిగించడంలో తేడా జరిగి ఉండాలి. షాఫ్ట్‌కి అటొకటి ఇటొకటి ఉన్న క్రాస్‌లు ఒకదాని కుంటుని ఒకటి సరిచేసుకుంటాయి. అది జరగాలంటే వాటి ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ ముక్కలు ఒకదాంట్లోకి ఒకటి జారే పళ్ల దగ్గర ఒక్క పన్ను తప్పించి తొడిగినా వరస పోతుంది. జాగ్రత్తపరులు విప్పేముందే రెండు ముక్కల మీదా పెయింట్ గీత పెట్టుకుంటారు. వరస సరిగ్గానే ఉంటే మధ్య బేరింగ్, ఆ తర్వాత షాఫ్ట్ బ్యాలెన్సింగ్ చూపించండి. కొత్త క్రాస్‌లు మళ్లీ కొనకండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. అందులో ఈ జాయింట్ల గొడవ ఉండదు కదా? – మధురవాడ

ఉంటుంది. ఇంజిన్ పోయింది కానీ చక్రం ఎగిరి పడటం మానలేదుగా. మోటారు నుంచి చక్రానికి అవే యాక్సిళ్లు, అవే బూట్లు. పైగా మోటారు తొక్కగానే పూర్తి బలం ఇస్తుంది. సర్వీసింగ్‌లో ఆయిల్ మార్చే పని లేదని బండిని లిఫ్ట్ మీదకి ఎత్తకుండానే పంపేస్తుంటే, బూట్లు చూశారా అని మీరే అడగండి.

ప్రశ్న: బూటు మార్చేటప్పుడు ఇంట్లో ఉన్న బేరింగ్ గ్రీజు వాడొచ్చా? – అక్కయ్యపాలెం

వద్దు. బయటి జాయింట్‌కి సాధారణంగా మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజు వేస్తారు. లోపలి దానికి కొన్ని కంపెనీలు వేరే రకం ఇస్తాయి. బూటు కిట్‌తో వచ్చే ప్యాకెట్‌లోని గ్రీజు ఆ జాయింట్‌కి కొలిచిపెట్టిందే, మొత్తం వాడమనండి. సగం వేసి మిగతాది డబ్బాలోకి పోసుకునే చేతుల మీద ఒక కన్నేసి ఉంచండి.