బయటకు వెళ్లే మెయిల్స్‌కి కాపీ ఉంచడం, కొన్నిటిని ఆపడం ఎలా?

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసు, సొంత పోస్ట్‌ఫిక్స్ (మెయిల్స్ పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్ అన్నారు కాబట్టి కాపీ దాచడం తేలికే. దాని సెట్టింగ్స్ ఫైల్ మెయిన్ డాట్ సీఎఫ్‌లో 'ఆల్వేస్ బీసీసీ' (ప్రతి మెయిల్‌కీ చాటుగా కాపీ) పెడితే వచ్చేవీ పోయేవీ అన్నీ ఒకే పెట్టెలో పడి అది త్వరగా నిండుతుంది. దాని బదులు 'సెండర్ బీసీసీ మ్యాప్స్' (పంపేవాళ్లను బట్టి కాపీ తీసే పట్టిక)లో మీ స్టాఫ్ చిరునామాలు రాసుకోండి, వాళ్లు పంపేవే వస్తాయి. సెంట్ ఫోల్డర్‌ను మాత్రం నమ్మకండి, ఎవరైనా చెరిపేయొచ్చు.

మెయిల్ బయటకు పోకముందే ఆపి చూడాలంటే సెండర్ యాక్సెస్ పట్టికలో (ఎవరి మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే జాబితా) ఆ ఉద్యోగి చిరునామా పక్కన 'హోల్డ్' అని రాయాలి. చూశాక పోస్ట్‌ఫిక్స్‌లోని పోస్ట్‌సూపర్ కమాండ్‌తో మీరే వదలాలి, తనంతట తాను కదలదు. పైన చెప్పిన దాచుకునే కాపీ కూడా అప్పటిదాకా రాదు. నేను ఒంగోలులో చూసుకునే ఒక ఆఫీసులో శనివారం సాయంత్రం ఆగిన కొటేషన్ సోమవారం దాకా అక్కడే ఉంది. బయ్యర్ ఫోన్ చేస్తే గానీ తెలియలేదు, ఆ టెన్షన్ పగవాడికీ వద్దు. ఈ హోల్డ్ ఒకరిద్దరికే పెట్టండి.