టెక్ సందేహాలు: ఫ్యాన్ వెనక్కి తిరుగుతోందా?

ప్రశ్న: వీడియోలో వస్తువుల కదలికను కొలిచే చిన్న ప్రోగ్రామ్ రాశాను. బల్ల మీద జరిపిన పుస్తకం వేగం సరిగ్గానే చెప్పింది. తిరిగే ఫ్యాన్‌ను చూపిస్తే మాత్రం ఆగిపోయిందని, ఒక్కోసారి వెనక్కి తిరుగుతోందని అంటోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: ప్రోగ్రామ్‌ను తిట్టకండి, దానికి అందిన ఫొటోలే అలా ఉన్నాయి. మీ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తోందనుకుందాం. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 600 చుట్లు తిరిగితే, ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి సరిగ్గా మూడో వంతు చుట్టు పూర్తవుతుంది. ఒక రెక్క ఖాళీ చేసిన చోట పక్క రెక్క వచ్చి కూర్చుంటుంది. మూడూ ఒకేలా ఉంటాయి కదా, ఏదీ కదలనట్టే! వేగం కాస్త తగ్గితే పక్క రెక్క అక్కడిదాకా రాదు, కొంచెం వెనకే ఆగుతుంది. అదే వెనక్కి తిరగడంలా కనిపిస్తుంది.

ఒక రెక్కకు రంగు టేపు అంటించి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో మంచి వెలుతురులో తీయండి. వెలుతురు చాలకపోతే టేపు చారలా సాగిపోతుంది. టేపు మళ్లీ అదే చోటికి రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టి, 14,400ని (240 ఫ్రేములు × 60 సెకన్లు) ఆ అంకెతో భాగించండి. 24 పడితే నిమిషానికి 600 చుట్లు. ప్లేయర్‌లో కనిపించే సెకన్లను మాత్రం నమ్మొద్దు. స్లో మోషన్ వీడియోలో కాలం సాగిపోయి ఉంటుంది.

ప్రోగ్రామ్‌లో మీరు వాడింది 1981 నాటి లూకాస్-కనడే పద్ధతి అయితే ఇంకో మాట. చిన్న కిటికీలాంటి భాగంలో వెలుగు ఎటు జరిగిందో చూసే పద్ధతి అది. పెద్ద గెంతులు దానికి అందవు. ఫొటోను ముందు గాసియన్ ఫిల్టర్‌తో మెత్తబరిచి, సగానికి సగం చిన్నది చేసుకుంటూ పోయి, అన్నిటికన్నా చిన్న బొమ్మ దగ్గర లెక్క మొదలుపెట్టండి. అందులో పెద్ద గెంతూ చిన్నదైపోతుంది. అయితే రెక్కల తికమకను ఏ ఫిల్టరూ తీర్చలేదు. దానికి టేపే మందు.

అసలు ఫ్రేములే లేని ఈవెంట్ కెమెరాలూ ఉన్నాయి. వాటిలో ప్రతి పిక్సెల్ తన దగ్గర వెలుగు మారినప్పుడే కబురు పంపుతుంది, అదీ మైక్రోసెకన్ల లెక్కన. ఒక్క ఫ్యాన్ కోసం అంత దూరం అక్కర్లేదు.

ప్రశ్న: గాజు బల్ల మీద నా మౌస్ ఎందుకు మొరాయిస్తోంది?

జవాబు: ఆప్టికల్ మౌస్ అడుగున ఉన్నదీ ఓ బుల్లి కెమెరానే. పాతవాటిలో కొన్నింటికి 18×18 పిక్సెళ్లే ఉన్నా, సెకనుకు 1,500 ఫొటోలు తీసి పోల్చేవి. పోల్చాలంటే గరుకో, మరకో, ఏదో ఒకటి కనిపించాలి. నున్నటి గాజులో ఏముంది? కింద ఓ కాగితం వేయండి.