స్టేటస్ పెట్టేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫోన్లో మన అభిప్రాయం రాసుకుంటే ఎక్కడ చిక్కు వస్తుందన్నదే మహారాష్ట్రలోని తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటి సారాంశం. ఉద్యోగం, సినిమా, రాజకీయం ఏదైనా సరే, చాలాసార్లు పట్టిచ్చేది మనం అన్న మాట కాదు. ఆ మాటకి అంటించిన ఫొటోనో, హోదానో, ఇంకొకరి క్లిప్పో పట్టిస్తుంది. జవాబులు చదివేటప్పుడు ఆ తేడా మీద కన్నేసి ఉంచండి.

ప్రశ్న: జిల్లా పరిషత్ బడిలో టీచర్ని. వాన పడితే తరగతి గది కారుతోంది. వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెడదామంటే హెడ్‌మాస్టర్ గారు "జీఆర్ వచ్చింది, ఉద్యోగానికి ఎసరు పెట్టుకోకు" అంటున్నారు. నా ప్రొఫైల్లో "ఇవి నా సొంత అభిప్రాయాలు" అని రాసే ఉంది. సరిపోదా?
— సిరోంచా తాలూకా పాఠకుడు

జవాబు: సరిపోదండీ. ఆ ఒక్క వాక్యం ఏ నియమం నుంచీ మిమ్మల్ని తప్పించదు. హెడ్‌మాస్టర్ గారు చెబుతున్నది మహారాష్ట్ర ప్రభుత్వం 2025 జులైలో ఇచ్చిన జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) గురించి. రాష్ట్ర ప్రభుత్వం గానీ, దేశంలోని ఇంకే ప్రభుత్వం గానీ చేపట్టిన విధానాన్ని ఉద్యోగి సోషల్ మీడియాలో విమర్శించకూడదని అందులో ఉంది. స్థానిక సంస్థల ఉద్యోగులకూ, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళకూ కూడా వర్తిస్తుంది. సొంత ఖాతా, ఆఫీసు ఖాతా వేరువేరుగా ఉండాలి. సొంత ఖాతాలో ప్రొఫైల్ ఫొటో సంగతి వేరు. పోస్టుల్లో, రీల్స్‌లో మాత్రం హోదా, ప్రభుత్వ చిహ్నం, యూనిఫాం, సర్కారీ బండి, సర్కారీ భవనం కనిపించకూడదు. మీరు తీయబోయేది సర్కారీ భవనం లోపల, పనివేళల్లో. పైగా పిల్లల మొహాలు పడతాయి. అంటే ఒక్క వీడియోకి మూడు చిక్కులు.

అలాగని కప్పు కారుతుంటే చూస్తూ కూర్చోమని కాదు. బడికి శాలా వ్యవస్థాపన సమితి (బడి నిర్వహణ కమిటీ) ఉంటుంది, అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే. సమావేశం పెట్టించి, ఏ గది, ఏ మూల, ఏ తేదీ నుంచి కారుతోంది, ఎంతమంది పిల్లలు వరండాలో కూర్చుంటున్నారు అన్నది తీర్మానంగా రిజిస్టర్‌లో రాయించండి. దాని నకలు గట శిక్షణాధికారి (బ్లాకు విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ఆవక్ ముద్ర (కాగితం అందినట్టు వేసే ముద్ర), తేదీ వేయించుకోండి. ముద్ర లేకపోతే ఆ కాగితం ఇచ్చినట్టే లెక్కలోకి రాదు. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మహారాష్ట్రలో ఒక దరఖాస్తుకి ఒకటే విషయం, 150 మాటల్లోపు, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు. "మరమ్మతు ఎప్పుడు చేస్తారు?" అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదు కాబట్టి. "ఫలానా తేదీ తీర్మానం మీద తీసుకున్న చర్యల గురించి ఫైలులో రాసిన నోటింగు నకలు ఇవ్వండి" అని అడగండి.

తల్లిదండ్రులకి ఆ జీఆర్ వర్తించదు. వాళ్ళు తమ పిల్లల బడి గురించి తమ ఫోన్లో మాట్లాడుకోవచ్చు. కానీ వీడియో మీరు తీసి, వాళ్ళకి పంపి, వాళ్ళ పేరు మీద పెట్టించే తెలివితేటలు వద్దు. విచారణలో మొదటి ప్రశ్న "ఈ వీడియో మీకు ఎవరు పంపారు?" అనే ఉంటుంది.

ప్రశ్న: యూట్యూబ్‌లో తెలుగు సినిమాలకి రివ్యూలు చెబుతాను. హాల్లో ఫోన్‌తో తీసిన పదిహేను సెకన్ల ముక్క పెట్టినందుకు ఛానెల్ మీద కాపీరైట్ స్ట్రైక్ (యూట్యూబ్ హెచ్చరిక) పడింది. వీడియో తీసేసినా పోలేదు. ఇంకొకదాంట్లో హీరో గురించి "డబ్బులిచ్చి పొగిడించుకుంటాడు" అన్నానని పరువు నష్టం దావా వేస్తామని మెసేజ్ వచ్చింది.
— బల్లార్పూర్ పాఠకుడు

జవాబు: ముందు హాలు సంగతి. స్ట్రైక్ మీకు చిన్న దెబ్బ, అసలు ప్రమాదం వేరే ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో అనుమతి లేకుండా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. జరిమానా కనీసం మూడు లక్షలు, పైన సినిమా నిర్మాణ ఖర్చులో అయిదు శాతం దాకా. తెర మీద పేర్లు పడుతుండగా స్టేటస్ కోసం ఫోన్ ఎత్తేవాళ్ళందరూ ఇది గుర్తుంచుకోవాలి. "పది సెకన్లలోపు అయితే ఏం కాదు" అనేది ఎవరో పుట్టించిన మాట. చట్టంలో అలాంటి సెకన్ల లెక్కే లేదు.

స్ట్రైక్ పడ్డాక వీడియో తీసేసినా స్ట్రైక్ అలాగే ఉంటుంది. కాపీరైట్ స్కూల్ అనే చిన్న పాఠం పూర్తిచేసి 90 రోజులు ఆగితే పోతుంది. ఈలోగా మూడు పడితే ఛానెలే ఎగిరిపోతుంది. యూట్యూబ్ తనంతట తానే పోల్చి పట్టుకునే కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు. అది పడితే సాధారణంగా యాడ్ డబ్బు హక్కుదారుకి వెళ్తుంది, ఛానెల్‌కి ముప్పు లేదు. ఈ రెండిటినీ కలగలిపి కంగారుపడేవాళ్ళు ఎక్కువ. స్ట్రైక్ తప్పంటూ కౌంటర్ నోటీసు ఇవ్వచ్చు గానీ మీ విషయంలో వద్దు. హాల్లో తీసినట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది. ఇకమీదట నిర్మాతలే విడుదల చేసిన ట్రైలర్ నుంచి, మీరు మాట్లాడుతున్న ఆ సన్నివేశం మేరకే, కొద్ది సెకన్లు, పైన మీ గొంతు నడుస్తుండగా వాడండి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ కోసం న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది. పాట మొత్తం వెనకాల మోగిస్తూ మాట్లాడటం మాత్రం విమర్శ కిందికి రాదు.

ఇక పరువు నష్టం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో రివ్యూలు చెప్పేవాళ్ళ కోసమే అన్నట్టు ఒక మినహాయింపు ఉంది. జనం తీర్పుకి పెట్టిన ప్రదర్శన మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం పరువు నష్టం కాదు. ఆ ప్రదర్శనలో కనిపించినంత మేరకు కర్త స్వభావం గురించి కూడా అనవచ్చు, అంతకు మించి కాదు. పాత పీనల్ కోడ్ నుంచి వస్తున్న ఉదాహరణ చూడండి. "ఈ పుస్తకం తెలివితక్కువగా ఉంది, రాసినవాడు బలహీనుడై ఉండాలి" అంటే తప్పులేదు. "ఈ పుస్తకం ఇలా ఏడవడంలో ఆశ్చర్యమేముంది, వాడు బలహీనుడూ తిరుగుబోతూ కదా" అంటే తప్పే. మొదటి మాట పుస్తకంలోంచి మనిషి వైపు వెళ్ళింది. రెండోది మనిషిని ముందే తిట్టి పుస్తకం దగ్గరకి వచ్చింది. మీ మాటని ఈ తూకంలో వేసి చూడండి. "క్లైమాక్స్‌లో హీరో మొహంలో ఒక్క భావం పలకలేదు" అన్నది నిలబడుతుంది. "డబ్బులిచ్చి పొగిడించుకుంటాడు" అన్నది తెర మీద ఎక్కడా కనబడదు, అది ఆరోపణ, రుజువు అడుగుతారు. ఆ ముక్క కోసేసి మళ్ళీ పెట్టండి. అది పొరపాటని ఒక్క వాక్యంలో చెప్పండి, వివరణ పొడిగించకండి. సివిల్ దావాకి గడువు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకి మూడేళ్ళు. వీడియో పాతదైందని ధీమా పడటానికి లేదు.

ఒక మాట మీరు అడగలేదు గానీ చెబుతున్నాం. రివ్యూ కోసం డబ్బు గానీ, వస్తువు గానీ, ఊరికే టికెట్లు గానీ తీసుకుంటే వీడియోలోనే "ప్రకటన" లేదా "స్పాన్సర్డ్" అని కనబడేలా చెప్పాలి. కింద వివరణలో ఇరవయ్యో హ్యాష్‌ట్యాగ్‌గా దాచితే చెప్పినట్టు కాదు.

ప్రశ్న: మా ఊళ్ళని తెలంగాణలో కలపాలని రాస్తే దేశద్రోహం అవుతుందా? నా పోస్టు కింద ఒకాయన మరాఠీలో నన్ను దేశద్రోహి అన్నాడు.
— ధర్మాబాద్ పాఠకుడు

జవాబు: కాదు. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం 3వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. రాజ్యాంగమే దారి చూపిన కోరికని బయటికి చెప్పడం నేరం ఎలా అవుతుంది?

ఆయనకి అంత కోపం ఎందుకొచ్చిందో మీ పోస్టు నకలు చూస్తే అర్థమైంది. "మాకు వేరే రాష్ట్రం కావాలి" అని రాసి, దాన్నే దేవనాగరి లిపిలోనూ పెట్టారు. మనకి రాష్ట్రం అంటే మహారాష్ట్ర, తెలంగాణ లాంటిది. మరాఠీలో, హిందీలో ఆ మాటకి అర్థం దేశం. మనం రాష్ట్రం అనేదాన్ని వాళ్ళు రాజ్య అంటారు. ఆయన చదివింది "మాకు వేరే దేశం కావాలి" అని! ఫోన్ చేసే అనువాదం మీద కూడా భారం వేయకండి. మరాఠీ వాళ్ళు చదువుతారనుకుంటే ఆ వాక్యం మీరే మరాఠీలో రాయండి, "తెలంగాణా రాజ్య" అని.

జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. రోడ్డు, నీళ్ళు, పింఛను అని కారణాలు రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "మరాఠీవాళ్ళు ఇలాంటివాళ్ళే" అని మొదలుపెడితే న్యాయ సంహిత 196వ సెక్షన్ దగ్గరకి వెళ్తారు. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే మూడేళ్ళ దాకా శిక్ష. కొల్హాపూర్ జిల్లాలో ఒక ప్రొఫెసర్ 370వ అధికరణం రద్దుని వాట్సాప్ స్టేటస్‌లో విమర్శిస్తే దాదాపు ఇలాంటి సెక్షన్ కిందే కేసు పెట్టారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ నిర్ణయం మీద అసమ్మతి చెప్పే హక్కు పౌరుడికి ఉందని తేల్చింది. నిలబడిన హక్కే, కానీ ఆయన కోర్టుల చుట్టూ తిరిగిన కాలం తిరిగి రాదుగా.

ప్రశ్న: ఆరువందల మంది ఉన్న తెలుగువాళ్ళ గ్రూపుకి అడ్మిన్ని. ఎవరో ఒక మతం మీద ఫార్వర్డ్ పెట్టారు. నా మీదికి వస్తుందా?
— బిలోలి పాఠకుడు

జవాబు: అడ్మిన్ అయినంత మాత్రాన రాదు. గోందియా జిల్లా కేసులో 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఇదే చెప్పింది. సభ్యుడితో కలిసి పథకం వేసుకున్నట్టు ఉంటే తప్ప, అతని మెసేజ్‌కి అడ్మిన్ బాధ్యుడు కాడు. కానీ ఆ ఫార్వర్డ్ కింద మీరు చప్పట్ల బొమ్మ పెట్టి ఉంటే కథ మారుతుంది.

చేయాల్సిన వరస ఇది. ముందు పంపినవాళ్ళ నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. తరవాత మెసేజ్‌ని నొక్కి పట్టి, డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టండి. ఆ వీలు అడ్మిన్‌కి ఉంది. ఆ పైన గ్రూపులో ఒక్క వాక్యం: "ఇది తొలగించాను, ఇలాంటివి వద్దు". మీరు అభ్యంతరపెట్టారనడానికి అదే ఆధారం. కొన్నాళ్ళు సెట్టింగుల్లో అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా మార్చండి. రెండు బాణాల గుర్తు ఉన్న ఫార్వర్డ్ అంటే అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిది వచ్చినప్పుడే అనుమానించాలి. పోలీసు నోటీసు వచ్చాక మాత్రం ఏదీ చెరపకండి. ఎలక్ట్రానిక్ రికార్డు చెరిపి సాక్ష్యం లేకుండా చేయడం వేరే నేరం.

ప్రశ్న: మిల్లులో కాంట్రాక్టు కూలీని. రెండు నెలల కూలి ఆపారు. స్టేటస్ పెట్టాను, మేనేజర్‌కి చేరింది.
— రాజురా పాఠకుడు

జవాబు: కూలి అందలేదన్నది మీ స్వానుభవం, అబద్ధం కాదు. ఏ నెల, ఎన్ని హాజర్లు, ఎంత బాకీ అని రాసినంతవరకు భయపడక్కర్లేదు. గేట్ పాస్, మెషీన్లు, లోపలి రిజిస్టర్ ఫొటోలు మాత్రం పెట్టకండి, వాటిని సాకుగా చేసుకుని బయటికి పంపుతారు. సూపర్‌వైజర్‌ని దొంగ అనకండి. స్టేటస్ కంటే ముందు చంద్రపూర్‌లో కార్మిక శాఖ ఆఫీసుకి రాతపూర్వక ఫిర్యాదు వెళ్ళాలి. హాజరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళు జతచేయండి. స్టేటస్ ప్రైవసీలో కొందరిని తప్పించే ఏర్పాటు ఉంది గానీ, అది మార్చాక పెట్టేవాటికే పనిచేస్తుంది.

ప్రశ్న: మా జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. రెండు ఎన్నికలప్పుడూ సిరా వేలు ఫొటో పెట్టాను. తప్పా?

జవాబు: 2024లో చంద్రపూర్ పోలింగ్ ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌ది మే 13న. ఒకే లోక్‌సభ ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేయకూడదు. రెండు ఫొటోలూ తేదీలతో సహా మీరే పెట్టి, సాక్ష్యం మీరే చేతికిచ్చారు! పేరు ఒక్కచోటే ఉంచుకుని, రెండోచోట తీసివేతకి ఫారం 7 ఇవ్వండి.

ప్రశ్న: పోస్టు గురించి పక్క రాష్ట్రం ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. వెళ్ళాలా?
— అహేరి పాఠకురాలు

జవాబు: అమ్మా, ఫోన్ రాగానే పరుగెత్తకండి. పేరు, ఠాణా, కేసు నంబరు అడిగి రాసుకోండి, ఆ ఠాణాకి మీరే తిరిగి ఫోన్ చేసి నిజమో కాదో చూడండి. వీడియో కాల్‌లో అరెస్టు అనే పద్ధతి చట్టంలో లేదు. అలా చెప్పి డబ్బడిగితే అది మోసం, వెంటనే 1930కి చెప్పండి.

నిజమే అయితే, ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న కేసుల్లో మామూలుగా ముందు భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. నోటీసు చేతికొచ్చాక మాత్రం ఎగ్గొట్టద్దు, హాజరు కాకపోతే అరెస్టుకి దారి మీరే ఇచ్చినట్టు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు 14 రోజుల ప్రాథమిక విచారణకి వీలుంది. మాటలకి, రాతలకి సంబంధించిన కేసుల్లో ఆ విచారణ చేయడమే తగినదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు అంది. మీ వకీలు ఈ మాట అడగాలి. పక్క రాష్ట్రంలో కేసైనా, అక్కడి కోర్టుకి చేరేలోపు ఇక్కడి కోర్టు నుంచి కొద్దిరోజుల ముందస్తు బెయిలు తెచ్చుకోవచ్చు. ఫోన్ తీసుకుంటే పంచనామా నకలు అడగండి. అందులో ఐఎంఈఐ నంబరు, సిమ్ నంబరు, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది రాశారో లేదో చూసి, ఆ తరవాతే సంతకం పెట్టండి.