జూన్ 9 నాటి సంగతి రాయి

చిత్తూరు

అల్లుడా,

నీ వాట్సాప్ చూసినాను. కోర్టు అమీనా వచ్చి ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు చేతికిచ్చేదాకా అప్పీలు పోయిన సంగతే నీకు తెలీదంటే మొదట కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ముప్పై ఏండ్లు వకీలు దగ్గర గుమాస్తాగా చేసిన మేనమామ చిత్తూరులో ఉండగా, తిరుపతిలో మేనల్లుడి పొలం కేసు అప్పీలు జూన్ 9న పిలుపుకు పలికే దిక్కులేక పడిపోయింది! సరే, పడినదాన్ని లేపొచ్చు. రోజులు మాత్రం లెక్క పెట్టుకోవాల.

ముందు ఆర్డరు చదువు. నీ తరఫున ఎవరూ రాకపోతే కోర్టు అప్పీలును గైర్హాజరు కింద కొట్టేయొచ్చు గానీ, కేసు మంచిచెడ్డల్లోకి పోయి కొట్టేసే అధికారం లేదు. 1976 సవరణలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 17 కింద ఆ వివరణ చేర్చినారు. నువ్వు పంపిన ఫోటోలో రెండే లైన్లున్నాయి, ఉత్త డిఫాల్టు (గైర్హాజరు) ఆర్డరే. కాబట్టి హైకోర్టులో సెకండ్ అప్పీలు వేద్దామని ఎవరన్నా అంటే వినొద్దు. డిఫాల్టు డిస్మిసల్ డిక్రీ, అంటే హక్కులు తేల్చే తీర్పు, కిందికే రాదు. కొట్టేసిన కోర్టులోనే, ఆర్డర్ 41 రూల్ 19 కింద, అప్పీలును మళ్లీ ఫైలుకు తీసుకోమని పిటిషన్ వేయాల.

దానికి గడువు 30 రోజులు, లిమిటేషన్ చట్టం 122వ ఆర్టికల్. నీకు తెలిసిన రోజు నుంచి కాదు, కొట్టేసిన రోజు నుంచి. జూన్ 9ని వదిలేసి లెక్కేస్తే జులై 9కే తీరిపోయింది. ఈ సోమవారం, ఆగస్టు 4న వేస్తే 26 రోజుల ఆలస్యం. దాన్ని మన్నించమని అదే చట్టం సెక్షన్ 5 కింద ఇంకో పిటిషన్, ఇంకో అఫిడవిట్. రెంటిలోనూ 26 అనే అంకె ఒకటే ఉండాల. 'సుమారు నెల' అని రాస్తే ఫైలింగ్ సెక్షన్లోనే రిటర్న్ కొడతారు. సర్టిఫైడ్ కాపీ రానీ అని కూర్చోవద్దు, కాపీకి పట్టిన రోజుల్ని అప్పీలు గడువులో తీసేసినట్టు ఇందులో తీసెయ్యరు.

అసలు పనంతా అఫిడవిట్లో ఉంది. నీ డ్రాఫ్టు చదివినాను. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు గెనిమ (పొలం గట్టు) తగువే: తాతల నాటి కయ్య (మడి), హద్దురాయి జరిపినారు, సర్వేయరు వాళ్ల పక్కం. అదంతా కొట్టెయ్యి, అప్పీలు లేచినాక చెప్పుకుందువు. ఇప్పుడు జడ్జి గారు అడిగేది జూన్ 9న పిలిచినప్పుడు ఎందుకు రాలేదని. దానికి నువ్వు రాసింది ఒక్క లైను, 'అనివార్య కారణముల వలన'. ఆ ముక్క నా చేత్తో ఎన్నిసార్లు టైపు కొట్టినానో లెక్కలేదు, ఒక్క జడ్జి కూడా దాన్ని చదివి కరిగింది నేను చూళ్లేదు.

8వ తేదీ రాత్రి బావకు ఆయాసమొస్తే రుయా ఆసుపత్రికి తీసుకుపోయినారు గదా. అది రాయి. ఎన్ని గంటలకు చేర్చినారు, 9 పొద్దున బావ పక్కన ఎవరున్నారు, ఇంటికి ఎప్పుడు పంపినారు. మీ వకీలు అదే టైములో పక్క కోర్టులో సాక్షిని విచారిస్తా ఉన్నాడన్నావు. అది నువ్వు రాస్తే విన్నమాట, ఆయనే అఫిడవిట్ ఇస్తే సాక్ష్యం. పోయి మర్యాదగా అడుగు, కొట్లాటకు పోవద్దు.

ఇంటికొచ్చినాక నోటీసు అందేదాకా వకీలుకు ఒక్క ఫోను చెయ్యలేదని నాతో ఒప్పుకున్నావు. అఫిడవిట్లో మాత్రం 'పలుమార్లు విచారించితిని' అని ఉంది. కాణిపాకంలో వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యమంటే ఆ మాట అంటావా? అఫిడవిట్టూ ప్రమాణమే. నాయన పక్కన ఉండిపోయినాను, వాయిదా వేసుంటారనుకున్నాను, కనుక్కోకపోవడం నా పొరపాటే అని రాయి. అవతలి వకీలు కౌంటర్లో (జవాబు పత్రంలో) మొదట పట్టుకునేది ఆ సందునే, నువ్వే ముందు చెప్పేస్తే ఆయనకు పట్టుకునేదానికి ఏముంటుంది? వకీలు తప్పుకు కక్షిదారును బలి చెయ్యకూడదని 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ వకీలు రాకపోవడంతో పోయిన అప్పీలే. మీ వకీలు ఎట్లాగూ చదివి వినిపిస్తాడు. అయితే నీ కేసు నువ్వు కనుక్కోవద్దా అని కోర్టులు అడగడమూ మానలేదు.

నా సంగతొకటి చెప్తా, మీ అమ్మకు కూడా తెలీదు. కొత్తలో ఒకసారి వాయిదా 11కు వేస్తే, డైరీలో రెండో ఒకటికి పైన కొక్కెం తగిలించి రాసినాను. జూనియరు దాన్ని 17 అని చదివినాడు. 17న పోతే బెంచి క్లర్కు, 'మీ అప్పీలు పోయి ఆరు రోజులైంది గదయ్యా' అన్నాడు. మా వకీలు తిట్టలేదు. నా చేతనే అఫిడవిట్ వేయించి, డైరీని దానికి జతచేసినాడు. జడ్జి గారు కళ్లద్దాలు పైకి తోసి ఆ అంకెను శానాసేపు చూసి, 'ఇది ఒకటా, ఏడా?' అని నన్నే అడిగినారు. 'ఒకటే సార్, నా రాత అట్లుంది' అన్నాను. అవతలివాళ్లకు ఖర్చులు కట్టాలనే షరతు మీద అప్పీలును తిరిగి తీసుకున్నారు. ఆ ఖర్చులు నా జీతంలోనే పట్టుకున్నారనుకో, అది వేరే కథ.

నీకూ ఖర్చులు వేస్తారు. ఆర్డరులో చెప్పిన తేదీలోపల కట్టి రసీదు దాఖలు చెయ్యి, ఒక్కరోజు దాటినా మళ్లీ మొదటికొస్తాం. పిటిషనే కొట్టేస్తే ఆర్డర్ 43 రూల్ 1(టి) కింద హైకోర్టుకు సీఎంఏ (ఆర్డరు మీద వేసే అప్పీలు) ఉంది, దాని దాకా పోదనుకుంటున్నా.

తొందరపడాల్సింది ఈపీ గురించి. అప్పీలుతో బాటే స్టే కూడా పోయింది, అందుకే అవతలివాళ్లు కయ్య స్వాధీనానికి వచ్చినారు. నువ్వు పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు. ఆపమని ఇంకో ఐఏ (మధ్యంతర పిటిషన్) కూడా వేయమని మీ వకీలుతో చెప్పు. ఈపీ వాయిదాకు వకాల్తా వేసి హాజరుకా, అక్కడ కూడా గైర్హాజరైతే నేను కూడా ఏమీ చెయ్యలేను. ఫోనులో ఈ-కోర్ట్స్ యాప్ వేసుకో. నీ కేసుకు కోర్టు ఇచ్చిన 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా నీకే కనబడుతుంది.

శుక్రవారం పొద్దున బస్సుకు తిరుపతికొస్తా. బావ డిశ్చార్జి కాగితం అసలుదే పట్టుకురా, జెరాక్సు వద్దు. అక్కను అడిగినానని చెప్పు.

మీ మామ