సీ23 వచ్చాక కంపైలర్ డాక్యుమెంటేషన్‌లో ఏం మార్చాలి?

సీ23 అంటే సీ భాషకి వచ్చిన కొత్త స్టాండర్డ్, ఖరారు కాకముందు దాన్నే సీ2ఎక్స్ అనేవాళ్లు. సీ2ఎక్స్ అని ఉన్నచోటల్లా సీ23 అని మార్చేస్తే చాలా అంటే, చాలదు. ముందు చూడాల్సింది డిఫాల్ట్. జీసీసీ అనే కంపైలర్ 14వ వెర్షన్‌లో ఏ ఆప్షనూ ఇవ్వకపోతే జీఎన్‌యూ17 (పాత సీ17 స్టాండర్డ్‌కి జీసీసీ సొంత అదనాలు కలిపిన రూపం) ప్రకారం కంపైల్ అయ్యేది, 15 నుంచి అది జీఎన్‌యూ23 (అలాగే సీ23కి) అయింది కాబట్టి నిన్నటిదాకా నడిచిన కోడ్ ఒక్క అక్షరం మార్చకుండానే ఆగిపోవచ్చు. ఖాళీ బ్రాకెట్లతో ఫంక్షన్‌ని డిక్లేర్ చేసి, తర్వాత దానికి రెండు ఆర్గ్యుమెంట్లు పంపితే ఇదివరకు ఒప్పుకునేది. సీ23లో ఖాళీ బ్రాకెట్లంటే ఆర్గ్యుమెంట్లు లేవనే అర్థం, అందుకే ఎర్రర్. బూల్ (నిజమా కాదా అని చెప్పే టైప్) కూడా కీవర్డ్ అయింది, అంటే ఆ పేరు ఇక భాషదే, సొంతంగా దానికి టైప్‌డెఫ్ (టైప్‌కి పేరు పెట్టే లైను) రాసుకున్నవాళ్లకి ఇబ్బందే. ఇలాంటివి ఎర్రర్ మెసేజ్‌తో సహా రాయండి, పాత స్టాండర్డ్‌కి వెళ్లే ఆప్షన్ ఏదో పక్కనే చెప్పండి, టెన్షన్‌లో ఉన్నవాళ్లు వెతికేది అదే. సీ2ఎక్స్ పేరుని మాత్రం పూర్తిగా తీసేయొద్దు, అది ఇంకా పనిచేస్తుంది. కొత్త కోడ్‌లో వాడొద్దని ఒక మాట పెట్టండి.