కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొడితే మెమరీ లెక్క రాదేం?

అన్నా, చిత్తూరు బెల్లం మండీలో లెక్కలకు వాడుతున్న ఆ పాత 486 కంప్యూటర్ గురించి అడిగారు కదా: స్విచ్ వేస్తే తెర మీద మెమరీ అంకెలు వరసగా పెరుగుతున్నాయి, కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొడితే ఆ లెక్క లేకుండానే డాస్ (ఆ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చేస్తోంది, ర్యామ్ పోయిందా అని; రీస్టార్ట్ చేసినా నెట్‌వర్క్ కార్డు దొరకడం లేదని కూడా. టెన్షన్ పడకండి, ర్యామ్‌కేం కాలేదు.

ఆ మూడు మీటలు నొక్కగానే బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్), మెమరీలో 0040:0072 అనే చోట 1234 అనే హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెల పద్ధతి) విలువ రాసి మళ్లీ మొదటికి వెళ్తుంది. అక్కడ ఆ విలువ కనిపిస్తే మెమరీ పరీక్ష వదిలేస్తుంది. కరెంటు తీస్తే విలువ చెరిగిపోతుంది, అందుకే అప్పుడు పూర్తి పరీక్ష. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచీ ఇదే పద్ధతి.

రీస్టార్ట్ చేసినా నెట్‌వర్క్ కార్డు దొరక్కపోవడం వేరే గొడవ. మీటలతో రీస్టార్ట్ చేస్తే కార్డుకు కరెంటు ఆగదు, చాలాసార్లు రీసెట్ సంకేతమూ అందదు. ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే ఉంటుంది. ముందు క్యాబినెట్ మీది రీసెట్ బటన్ నొక్కి చూడండి. దానికీ లొంగకపోతే స్విచ్ ఆపి, హార్డ్‌డిస్క్ హోరు పూర్తిగా ఆగాక వేయండి. టకటకా ఆపి వేయడం మాత్రం వద్దు, అసలే పాత ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె).