ఊపిరితిత్తి లోపల ఏం జరిగిందో రాయి

చిరంజీవి సురేష్‌కి ఆశీస్సులు.

పందుల న్యుమోనియా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మన దగ్గర పందుల పెంపకం గురించి శ్రద్ధగా రాసేవాళ్లు తక్కువ. నువ్వు ఆ పనికి పూనుకున్నందుకు నిజంగా సంతోషించాను.

లక్షణాలు, మందులు, టీకాలు అన్నీ రాశావు. అసలు సంగతిని మాత్రం 'బ్యాక్టీరియా వల్ల ఊపిరితిత్తులు పాడవుతాయి' అని ఒక్క వాక్యంతో దాటేశావు. నిన్న సాయంత్రం దాణా తిన్న పంది తెల్లారేసరికి ముక్కులో నెత్తుటి నురగతో చచ్చి పడుంటే, అదెలా జరిగిందనే కదా రైతు అడిగేది?

ముందు ఒక్క రోగాన్నే తీసుకో. ఆక్టినోబాసిల్లస్ ప్లూరోన్యుమోనియే అనే బ్యాక్టీరియా తెచ్చేదైతే మంచిది. 1931లో పందుల ఫ్లూ వైరస్ సంగతి బయటపెట్టిన రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్తే 1964లో ఈ రోగం గురించీ వివరంగా రాశాడు. చరిత్రకు ఆ మాత్రం చాలు.

బ్యాక్టీరియా గాలి గదుల్లోకి చేరగానే అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు పసిగట్టి, సైటోకైన్లు అనే హెచ్చరిక రసాయనాలు విడుదల చేస్తాయి. దాంతో సన్న రక్తనాళాల గోడలు వదులై, గాలి ఉండాల్సిన చోటికి ద్రవం కారుతుంది. వెంటే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. ఇక్కడిదాకా శరీరం చేసేది సరైన పనే. కానీ ఈ బ్యాక్టీరియా వదిలే ఏపీఎక్స్ విషాలు కణాల పొరలకు చిల్లులు పెడతాయి. మింగడానికొచ్చిన తెల్లకణాలే పగిలిపోతాయి. వాటిలోని ఎంజైములు బయటపడి పక్కనున్న మంచి కణజాలాన్నీ కరిగించేస్తాయి. రక్తనాళాల్లో గడ్డలు కట్టి, రక్తం అందని ముక్క చచ్చిపోతుంది. ఊపిరితిత్తి పైపొర మీద ఫైబ్రిన్ అనే జిగురులాంటి ప్రొటీన్ పేరుకుని పక్కటెముకల వైపు అతుక్కుంటుంది. ఇక ప్రతి ఊపిరికీ నొప్పే. పంది కుక్కలా కూర్చుని, నోరు తెరిచి రొప్పేది అందుకే.

కాబట్టి బ్యాక్టీరియాను విలన్‌గా, శరీరాన్ని హీరోగా పెట్టి యుద్ధం కథ అల్లొద్దు. ఈ నష్టంలో శరీరం వాటా కూడా పెద్దదే. ఈ వరస అర్థమైతే మొదటి రోజే ఇంజెక్షన్ ఎందుకు చేయించాలో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. మందు బ్యాక్టీరియాను చంపుతుంది గానీ చచ్చిన కణజాలాన్ని తిరిగి తేలేదు. జబ్బు ముదిరిన పంది నీళ్లు కూడా సరిగా తాగదు, అందుకే నీళ్లలో కలిపే మందును నమ్ముకోకూడదు. బతికి బయటపడినవి టాన్సిల్స్‌లో బ్యాక్టీరియాను మోస్తూ మిగతావాటికి అంటించగలవు. ఈ మాట తప్పకుండా చేర్చు.

మైకోప్లాస్మా హయోన్యుమోనియే అనే ఇంకో బ్యాక్టీరియాను దీనితో కలిపి రాశావు, విడదియ్యి. అది శ్వాసనాళాల్లోని సన్నటి నూగును దెబ్బతీసి, వారాల తరబడి పొడి దగ్గు తెప్పించి, పాశ్చురెల్లా లాంటి వేరే బ్యాక్టీరియాలకు దారి తెరుస్తుంది. పెన్సిలిన్ దెబ్బకొట్టేది బ్యాక్టీరియా కణ కవచాన్ని; దీనికి ఆ కవచమే లేదు కాబట్టి పెన్సిలిన్ పని చెయ్యదు. నువ్వు రెండింటికీ పెన్సిలిన్ అని రాశావు. అది నమ్మి రైతు డబ్బూ పోగొట్టుకుంటాడు, పందినీ పోగొట్టుకుంటాడు.

వీలైతే వెటర్నరీ డాక్టరుతో కలిసి ఒక పోస్ట్‌మార్టం చూడు. మొదటి రోగంలో ఎక్కువగా ఊపిరితిత్తి వెనక పైభాగం నల్లటి ఎరుపుతో గట్టిపడి ఉంటుంది, రెండోదాంట్లో దెబ్బతినేది ముందరి కింది భాగాలు. నువ్వు చూసిన రంగు, చేతికి తగిలిన గట్టిదనం ఉన్నదున్నట్టు రాయి. తిరగరాశాక ఆ డాక్టరుకే చదివించి, తర్వాత నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు